పాత చీర, కొత్త సంచి

కాయగూరలతో ఇంటికి వచ్చిన పలుచని ప్లాస్టిక్ సంచి ఆ పూటతో చెత్తలో చేరి, ఆపైన మురుగు కాల్వలకు అడ్డుపడుతుంది. 1998 వరదలలో ఢాకా నగరం ఈ బాధను చవిచూసింది. 2002లో బంగ్లాదేశ్ ఆ సంచులను నిషేధించింది. మన దేశంలోనూ 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్ల కంటె పలుచని సంచులు చెల్లవు.

చట్టం నిషేధించగలదు, బదులు సంచిని ఇల్లే సమకూర్చుకోవాలి. పాత నూలుచీర నుండి 30 సెంటీమీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల పొడవు గల ముక్కను కత్తిరించి, పొడవును సగానికి మడవండి. పైన నాలుగు సెంటీమీటర్లు విడిచి రెండు ప్రక్కలూ కుట్టండి. పై అంచులు మడిచి కుట్టి, నాడా దూర్చండి. తూకం అయిన తరువాతనే కూరలు అందులో పోయించుకోండి.

ఇందుకై కొత్తగుడ్డ కొనవద్దు. ప్రత్తి పంటకు, అద్దకానికి నీరు విస్తారంగా ఖర్చవుతుంది. ఒకే సంచి ఏండ్ల తరబడి బజారుకు వెళ్లివచ్చినప్పుడే మీ శ్రమ సార్థకం.