రాతికి చోటిచ్చిన ఇల్లు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టడంలోని శ్రమ, వ్యయం ఆ సామెతలో ఉన్నవి గాని, ఎక్కడ కట్టాలి, ఆ నేలతో ఎట్లా మెలగాలి అన్న విచారం అందులో లేదు. ఆ విచారం ఒక చిన్న ఇంటి రూపంలో నాకు ఎడారిలో కనిపించినది. గత సంవత్సరం మార్చి నెలలో లాస్ ఏంజలీస్‌లోని మా తమ్ముని ఇంటికి వెళ్ళినప్పుడు, అక్కడికి తూర్పున సుమారు 170 కిలోమీటర్ల దూరాన, కాలిఫోర్నియా ఎడారిలోని పామ్ స్ప్రింగ్స్ పట్టణంలో, ఆల్బర్ట్ ఫ్రే అనే వాస్తుశిల్పి తనకోసం కట్టుకున్న రెండవ ఇంటిని చూసే భాగ్యం కలిగినది. అక్కడ చూసినది చెప్పి, దానిని ఆధారం చేసుకొని మన కళాశాలకు సంబంధించిన ఒక విషయాన్ని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫ్రే 1903లో స్విట్జర్లాండ్‌లో జన్మించారు. దరిమిలా మన చండీగఢ్ నగరానికి రూపకల్పన చేసిన లె కార్బూజియే వద్ద పారిస్‌లో కొంతకాలం పనిచేసి, 1930లో అమెరికా చేరారు. ఎడారిని చూసి ముగ్ధులై అక్కడనే స్థిరపడ్డారు. ఆ ఎడారి సామాన్యమైనది కాదు. 2024 జూలైలో పామ్ స్ప్రింగ్స్‌లో ఎండ 51 డిగ్రీలు తాకినది. అటువంటి చోట, పట్టణానికి సుమారు 220 అడుగుల ఎత్తున, కొండవాలు మీద ఫ్రే స్థలం ఎన్నుకున్నారు. కట్టడానికి ముందు ఒక ఏడాదిపాటు గడకర్ర సాయంతో సూర్యగమనాన్ని కొలిచారు. ఏ ఋతువులో ఎండ ఏ వైపునుండి ఎంత లోపలికి వస్తుందో తెలుసుకొని, ఆ తరువాతనే చూరు ఎంత ముందుకు రావాలో నిర్ణయించారు. ఇల్లు 1964లో పూర్తి అయినది.

లోపల అడుగు పెట్టగానే చూపరుల కన్ను నిలిచేది ఒక పెద్ద గుండు మీద. కొండకు చెందిన ఆ రాయి గాజుగోడను దాటి ఇంటి లోపలికి వచ్చి, పడక భాగానికీ కూర్చునే భాగానికీ నడుమ అడ్డుగోడవలె నిలిచి ఉన్నది. ఫ్రే దానిని పేల్చివేయలేదు. రాయి వంపు ననుసరించి గాజును కోయించి అమర్చారు. దీపం స్విచ్చిని సైతం ఆ రాతిలోనే పొదిగించారు. కప్పు రేకులది, అది కొండవాలుకు అనుగుణంగా వాలి ఉన్నది. తెరల పసుపుపచ్చదనం బయట వసంతంలో పూచే ఎన్సీలియా అనే ఎడారిపొద పువ్వుల రంగు. నేను వెళ్ళిన సమయానికి ఆ పొదలు పూచి ఉన్నవి. ఇల్లు ఎక్కడ ముగిసినదో, కొండ ఎక్కడ మొదలైనదో క్షణకాలం తెలియలేదు.

ఇది ధనవంతుల వేడుక గదా అని కొందరు అనవచ్చును. ఆ ఇంటి వైశాల్యం మొదట సుమారు 800 చదరపు అడుగులు మాత్రమే. అనగా మన లెక్కలో 90 గజాలకు లోపు. వాడినవి రేకులు, కాంక్రీటు దిమ్మెలు, గాజు, ఇనుము. అంత చిన్న ఇంటిలో ఫ్రే 1998లో మరణించేవరకు నివసించి, దానిని పట్టణపు కళా మ్యూజియంకు ఒప్పగించి వెళ్ళారు. ఐతే మనం గాజుగోడలను అనుకరించాలని నేను అనను. వేసవిలో యంత్రపు చల్లదనం లేనిదే అవి మన ఎండలకు పనికిరావు. అనుకరించవలసినది ఆ ఏడాది ఓపికను, రాతి యెడల ఆ మర్యాదను.

ఈ మర్యాద మనకు కొత్త కాదు. 1930 దశకంలో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్‌లో గుండ్ల నడుమనే, వాటిని కలుపుకొని ఇల్లు కట్టుకున్నారు. అది ఫ్రే ఇంటికన్నా సుమారు మూడు దశాబ్దాలు ముందు. హైదరాబాదు గుండ్ల వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. వాటిని మందు పెట్టి ఒక్క పూటలో కంకర చేయుచున్నాము. చదును చేసిన నేలమీద డబ్బావంటి భవనం లేపి, పిదప చల్లదనం కోసం కూలర్లు కొనుచున్నాము. రాళ్ళను కాపాడాలని 1996లో ఒక సంఘమే వెలసినదంటే నష్టం ఎంతవరకు వచ్చినదో ఊహించుకోవచ్చును.

ఇక నా మనవి. మన కళాశాల వెనుక ఉన్న నల్లని గుండును తొలగించి, ఆ స్థలంలో నూతన గ్రంథాలయ భవనం కట్టాలన్న ఆలోచన ఉన్నదని విన్నాను. గ్రంథాలయం మనకు అత్యవసరం. అందులో భిన్నాభిప్రాయం లేదు. కాని పరీక్షల రోజులలో మూడు తరాల విద్యార్థులు ఉర్దూ, తెలుగు పుస్తకాలు పట్టుకొని కూర్చున్నది ఆ గుండు నీడలోనే. ఉర్దూలో ‘మకాన్’ వేరు, ‘ఘర్’ వేరు. ఆ గుండు పోతే మనకు దక్కేది మకాన్ మాత్రమే. కార్యవర్గ పెద్దలు నక్షాపై సంతకం చేయుటకు ముందు, ఒక ఏడాది కాకున్నా ఒక్క వేసవి ఆగి, ఎండ ఎటు తిరుగుచున్నదో, నీడ ఎటు పడుచున్నదో మన విద్యార్థుల చేతనే కొలిపించవలసినదిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను. ఆ కొలతలు చూచిన పిమ్మట గుండును కలుపుకొనియే గ్రంథాలయం కట్టే మార్గం వారికే తోచునని నా నమ్మకం.