పాతికేళ్ల డబ్బా కంటే పది రోజుల పెట్టె మేలు



2025 ఆగస్టు ఆఖరున పడ్డ వానలను మీలో ఎవరూ మరచిపోయి ఉండరు. కామారెడ్డి వైపు జాతీయ రహదారి కోసుకుపోయింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మన సిరికొండ వైపు కూడా వాగులు పొంగి కొన్ని ఊళ్లకు దారి తెగింది. నీళ్లు తీసిన తరువాత ఆస్పత్రికి వచ్చినవారిని మేము మందుల గురించి అడిగితే, వారు మాకు తిండి గురించి చెప్పారు. బియ్యం తడిసిపోయాయని ఒకరు, గ్యాస్ బండ అయిపోయిందని ఒకరు. షుగర్ మాత్ర వేసుకుని, తినడానికి ఏమీ లేక, చెమటలు పట్టి పడిపోయానని ఒక పెద్దాయన చెప్పాడు. మాత్ర వేసుకున్న షుగర్ రోగి ఒక పూట పస్తు ఉండడం అంటే ఎంత ప్రమాదమో మీకు తెలుసు.

అందుకే సంఘ యువకులు కొందరు ఒక ఆలోచన చేశారు. ఫ్రీజ్ డ్రై చేసిన భోజనం డబ్బాలు ఇప్పుడు దొరుకుతున్నాయి, అవి పాతికేళ్లు చెడవట, అందరం చందా వేసుకుని ఇంటికి ఒకటి కొని పెడదాం అన్నారు. వారి మనసు మంచిది. కాని ఆ డబ్బు అలా ఖర్చు చేయవద్దని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాము.

ముందుగా ఈ పద్ధతి ఏమిటో చూద్దాం. వండిన పదార్థాన్ని బాగా గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో ఉంచుతారు. అప్పుడు అందులోని మంచు కరిగి నీరు కాకుండానే ఆవిరై పోతుంది. తడి దాదాపు అంతా పోతుంది కాని ముక్క ఆకారం, రంగు, విటమిన్లలో చాలా భాగం నిలుస్తాయి. మన ఒరుగుల్లా ముడుచుకుపోదు. మీలో కొందరు తెలియకుండానే దీని రుచి చూసి ఉంటారు. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో సీసీఎల్ కంపెనీ చేసే కాఫీలో ఈ రకం కూడా ఉంది. మైసూరులో 1961 నుండి ఉన్న రక్షణ శాఖ ఆహార పరిశోధనశాల మన సైనికుల కోసం ఇలాంటి భోజనాలు తయారుచేసింది. మంచుకొండల మీద మూట మోసుకుని ఎక్కే జవానుకు బరువు తగ్గడం గొప్ప మేలు. మన ఇంటి అటక మీద పెట్టుకునేదానికి బరువు తగ్గితే ఏమి, పెరిగితే ఏమి?

రుచి చూడకుండా మాట్లాడడం న్యాయం కాదు గనుక రుచి కూడా చూశాము. అమెరికాలో కొడుకు ఉన్న ఒక కుటుంబం వారు ఒక డబ్బా, రెండు పొట్లాలు తెచ్చి ఇచ్చారు. ఒక శనివారం ఓపీ అయిపోయాక నర్సులు, వాచ్‌మన్, వార్డులో రోగుల తోడు ఉన్నవారు కూర్చుని తిన్నాము. మరిగిన నీళ్లు పోసి పావుగంట మూత పెట్టాలి. బఠానీలు, మక్క గింజలు నిజంగానే అప్పుడే ఒలిచినట్లు ఉన్నాయి. అన్నం ఫరవాలేదు. కోడిమాంసం ముక్క మాత్రం పైన మెత్తగా, లోపల దూది నమిలినట్లు ఉంది. ఎండు పండ్ల ముక్కలను పిల్లలు నీళ్లు పోయకుండానే కరకర తినేశారు. "దవాఖాన తిండి లెక్కనే ఉన్నది బిడ్డా, కారం లేదు, ఉప్పేమో దండిగున్నది" అంది ఒక అవ్వ, రెండు ముద్దలు తిని పక్కకు పెట్టింది. మా వాచ్‌మన్ ఇంటి నుండి తెచ్చుకున్న మామిడి తొక్కు కలుపుకుని తన వంతు పూర్తి చేశాడు, అవ్వ వంతు కూడా.

అవ్వ చెప్పినది చిన్న మాట కాదు. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పొట్లం వెనుక రాసిన సోడియంను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. మేము తిన్న పొట్లం ఒకటి మొత్తం తింటే ఇంచుమించు ఆ రోజు ఉప్పంతా అందులోనే అయిపోతుంది. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది పనికిరాదు. ఇక ముసలివారు, జ్వరం పడ్డవారు, చిన్న పిల్లలు కష్టకాలంలో కొత్త రుచిని నోట పెట్టరు. ఆకలి ఉంటే ఏదైనా తింటారు అనుకుంటాము కాని, వార్డులో మేము చూసేది వేరు. భయంలో ఉన్న మనిషికి తెలిసిన రుచే గొంతు దిగుతుంది.

ఇప్పుడు ఆ పాతికేళ్ల సంగతి. డబ్బా మీద పెద్ద అక్షరాల పక్కన చిన్న అక్షరాలు ఉంటాయి, చల్లని పొడి చోట, మూత తెరవకుండా ఉంచితేనే అని. చల్లని చోటు అంటే ఎంత చల్లన? అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రిగ్‌హమ్ యంగ్ విశ్వవిద్యాలయం వారు ఇళ్లలో ఏళ్ల తరబడి దాచిన తిండిని తెరిచి పరీక్షించారు. ఆ ప్రాంతంలో ఇంటింటా తిండి నిల్వ ఉంచుకొమ్మని తమ సభ్యులకు చెప్పే ఒక సంఘం ఉంది. గాలి తగలకుండా కట్టి 24 డిగ్రీలు మించని చోట ఉంచితే తెల్ల బియ్యం, గోధుమలు, ఎండు చిక్కుడు గింజలు 30 ఏళ్లయినా తినడానికి పనికి వచ్చాయి. గమనించండి, 30 ఏళ్లు నిలిచినవి ఖరీదైన భోజనాలు కావు, మామూలు గింజలు. ఐగుప్తులో యోసేపు కొట్లలో నింపినది కూడా ధాన్యమే, వండిన కూర కాదు.

మరి మన దగ్గర 24 డిగ్రీలు ఎక్కడివి? మే నెలలో నిజామాబాదులో 44 దాటడం కొత్త కాదు. రేకుల ఇంట్లో అటక మీద ఇంకా ఎక్కువ. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే నిల్వ కాలం సుమారు సగం అవుతుందని ఆహార శాస్త్రంలో ఒక ముతక లెక్క ఉంది. పాతికేళ్లు అన్నది మన అటక మీద ఎన్నేళ్లు అవుతుందో మీరే లెక్క వేసుకోండి. మూత తెరిచామా, వానాకాలపు గాలిలో ఒకటి రెండు రోజుల్లో తడి పీల్చి బంక అవుతుంది. మా డబ్బాకు అదే జరిగింది.

అన్నిటికంటే పెద్ద లోపం నీళ్లు. వరదలో బావి, బోరు రెండూ బురద అయినప్పుడు మంచి నీళ్లే మొదటి కొరత. ఈ భోజనానికి అవి కావాలి, మరిగించినవి కావాలి. దుకాణాల్లో దొరికే, వెండిరంగు పొట్లంలో వండి మూసిన కూర వేరే రకం. దానికి నీళ్లు అక్కరలేదు, చల్లగా ఉన్నా తినవచ్చు, నిల్వ మాత్రం ఏడాది అటూ ఇటూ. 2018 కేరళ వరదలప్పుడు మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ, అంటే సీఎఫ్‌టీఆర్‌ఐ, తినడానికి సిద్ధంగా ఉన్న ఆహారం పంపింది. దారి తెగిన ఊరికి కావలసినది అటువంటిది.

మా మాట ఏమిటంటే ప్రతి ఇంట్లో పది రోజులకు సరిపడే పెట్టె ఒకటి ఉండాలి. అందులో పొయ్యి లేకుండా తినేవి మూడు నాలుగు రోజులకు ఉంచండి. అటుకులు, మురమురాలు, పుట్నాలు, వేయించిన పల్లీలు, బెల్లం. సద్దుల బతుకమ్మకు మన ఇళ్లలో చేసే సత్తుపిండి కంటే మంచి ఆపత్కాల భోజనం ఏ డబ్బాలో ఉందో మాకైతే కనబడలేదు. మక్కలో, పెసర్లో వేయించి విసిరి బెల్లం కలిపితే నీళ్లు లేకున్నా నోట్లో వేసుకోవచ్చు. షుగర్ ఉన్నవారు బెల్లం కలపని పిండి వేరే ఉంచుకుని, షుగర్ పడిపోయినప్పటి కోసం కొంచెం చక్కెర జేబులో పెట్టుకోవాలి. ఏడు నెలలు దాటిన పిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ఉండనే ఉంది, తేదీ చూసుకోండి. వండుకునేందుకు నలుగురున్న ఇంటికి 12 కిలోల బియ్యం, 3 కిలోల పప్పు, చింతపండు, ఎండుమిర్చి, ఒక సీసా తొక్కు. నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లాలు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వేసి, నేలకు ఎత్తుగా పెట్టాలి.

సజ్జపిండి, ముడి బియ్యం ఇందులో వద్దు. వాటిలోని నూనె తొందరగా కంపు పడుతుంది. సజ్జపిండి అయితే వారం పది రోజుల్లోనే చేదెక్కుతుంది. గింజగా ఉంచుకుని కావలసినప్పుడు విసురుకోవచ్చు.

బూజు గురించి మాత్రం గట్టిగా చెప్పక తప్పదు. మనది మక్క పండే జిల్లా. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మక్కలు తిని 397 మందికి కామెర్లు, కడుపు ఉబ్బు వచ్చాయి, 106 మంది చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి పరిశీలించి, అది బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం పని అని తేల్చారు. ఉడికించినా వేయించినా ఆ విషం పోదు. తడిసిన మక్కలు, పల్లీలు ఆకుపచ్చగా, నల్లగా మారితే పారేయండి. బర్రెకు పెడదాం అనుకోకండి, అది పాలలోకి వస్తుంది.

ఇదంతా చెబుతున్న మేము తప్పు చేయలేదా? చేశాము. ఒక ఏడాది సంఘస్థులు ఇచ్చిన కందిపప్పును స్టోరు గదిలో పాతదాని ముందు కొత్తది పేర్చాము. వెనుక సంచి తెరిచేసరికి పురుగు తప్ప ఏమీ మిగల్లేదు. ఇచ్చినవారికి ముఖం చూపించడం కష్టమైంది. అప్పటి నుండి ప్రతి డబ్బా మీద సుద్దముక్కతో తేదీ రాస్తున్నాము. మీ పెట్టెను మిరుగుకు ముందు నింపండి, వానలు వెనుకబట్టాక అందులోవే వండుకుని తినేయండి, మళ్లీ ఏడు కొత్తవి పెట్టండి. రోజూ తినేవే కాబట్టి ఏదీ దండుగ కాదు. చందా డబ్బు మిగిలితే, పెట్టె నింపుకోలేని ఇళ్లకు బియ్యం, పప్పు కొనిద్దాం.

నమూనాగా ఒక పెట్టె నింపి ఓపీ గది బల్ల మీద పెట్టాము. వచ్చినప్పుడు మూత తీసి చూడండి. పుట్నాలు, బెల్లం అప్పుడే సగమయ్యాయి, ఎవరు తిన్నారని మేము అడగడం లేదు.