ఆ జీను కుట్టిందెవరు?

పిల్లల పుస్తకాలు రాసినవాళ్ళను సభల్లో, ఇంటర్వ్యూల్లో ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. ఈ కథ మీకెట్లా తట్టింది? తెలుగులో జవాబు దాదాపు ఒకటే. నాయనమ్మ ఒడి, వెన్నెల రాత్రి, పంచతంత్రం, చందమామ. వినడానికి బాగానే ఉంటుంది. ఆ నాయనమ్మ ఏ ఇంటి నాయనమ్మ అని మాత్రం ఎవ్వరూ అడగరు. పొద్దంతా కలుపు తీసి వచ్చిన మన నాయనమ్మ కూడా కథలు చెప్పింది గదా, అవి అచ్చులోకి ఎందుకు ఎక్కలేదు?

చందమామ 1947 జూలైలో మొదలైంది. ఇప్పుడు ఆగిపోయింది. మనోళ్ళు కూడా దొరికిన సంచికల్లా చదివారు, ఇష్టంగానే చదివారు. అందులో రాజు గుర్రమెక్కి వేటకు పోతాడు. గుర్రం రంగు చెప్తారు, వేగం చెప్తారు. ఆ గుర్రం మీది జీను కుట్టిందెవరో చెప్పరు. తోలు నానబెట్టి, ఊనబెట్టి, ఆరె పట్టుకొని కుట్టినవాడు లేకుండా ఏ రాజూ గుర్రమెక్కలేదు. మాదిగ పిల్లవాడు ఆ కథ చదివి రాజునని ఊహించుకోవాలి, లేకుంటే గుర్రాన్నని ఊహించుకోవాలి. వాళ్ళయ్య మాత్రం ఆ బొమ్మలో ఉండడు.

1972లో బొంబాయిలో దళిత పాంథర్లు తమ పేరును అమెరికా నల్ల పాంథర్ల నుంచి తీసుకున్నారు. ఆ నల్లజాతి ఉద్యమాన్ని చదివినంతగా వాళ్ళ పిల్లల పుస్తకాలను మనం చదవలేదు. మిల్డ్రెడ్ టేలర్ అనే నల్ల రచయిత్రి ఉంది. పుట్టింది మిసిసిపీలో, పెరిగింది ఉత్తరాన ఒహాయోలో. నీకు కథలు యాడివి అంటే ఆమె జవాబు సూటిగా ఉంటుంది. మా నాయన చెప్పినవి. సెలవులకు మిసిసిపీ పోయినప్పుడు పెద్దలు చెప్పుకునే కథల్లో నల్లవాళ్ళు ఎదురు తిరిగారు, భూమి నిలబెట్టుకున్నారు. బడి పుస్తకంలోనేమో వాళ్ళు తలవంచుకొని, ఉన్నదానితో తృప్తిపడి బతికినవాళ్ళు. తరగతిలో తరచుగా ఆమె ఒక్కతే నల్లపిల్ల. ఆ పాఠం వచ్చినప్పుడు సిగ్గుతో కూర్చున్న పిల్ల, పెద్దయ్యాక నాయన కథలనే రాసింది. 1976లో వచ్చిన నవల ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’ మరుసటేడు న్యూబరీ పతకం తెచ్చుకుంది.

ఆ నవలలో బడి మొదటి రోజున నల్ల పిల్లలకు పుస్తకాలు పంచుతారు. తెల్ల పిల్లలు వాడి వాడి పాడుచేసినవి. అట్టలోపల ఒక పట్టీ ఉంటుంది. ఏ ఏడు ఎవరికిచ్చారు, పుస్తకం స్థితి ఏమిటి, పిల్లల జాతి ఏమిటి. స్థితి బాగా చెడ్డాక వచ్చే గడిలో నల్లజాతి అని రాసుంటుంది, అదీ అవమానపు మాటతో. ఆరేళ్ళ పిల్లవాడు ఆ పట్టీ చదివి పుస్తకాన్ని నేలకేసి తొక్కుతాడు. దెబ్బలు తింటాడు. మన హాస్టల్ పిల్లలకు ఈ సన్నివేశాన్ని విడమరిచి చెప్పే పనిలేదు.

ఎజ్రా జాక్ కీట్స్ తెల్లవాడు, బ్రూక్లిన్‌లోని పేద యూదుల బిడ్డ. 1940లో లైఫ్ పత్రికలో వచ్చిన ఒక నల్ల పిల్లవాడి ఫోటోలు కత్తిరించి దాచుకున్నాడు. 1962లో ఆ పిల్లవాణ్ణే నాయకుణ్ణి చేసి ‘ది స్నోయీ డే’ గీశాడు. మంచి పనే. లోటు చూసినవాడు వేరు, ఆ లోటులో పెరిగినవాళ్ళు వేరు అన్నది మాత్రం మరవకూడదు.

మన దగ్గర అసలేమీ జరగలేదని కాదు. 2006లో రిజర్వేషన్లకు వ్యతిరేకంగా అగ్రకుల విద్యార్థులు చీపుర్లు పట్టి రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. అంటే ఆ పనులు నీచమని చాటింపు వేశారు. మరుసటేడే పిల్లల కోసం కంచ ఐలయ్య శ్రమ గౌరవం మీద ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. 2008లో హైదరాబాదు అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో పుస్తకాలు తెచ్చింది. అందులో గోగు శ్యామల, జూపాక సుభద్ర ఉన్నారు. ఖదీర్‌బాబు తలకాయ కూర కథ ఉంది. పిల్లల పుస్తకంలో తలకాయ కూర ఉడకడానికి అంతకాలం పట్టింది!

2011లో వచ్చిన ‘భీమాయన’ సంగతి ఇంకా చెప్పుకోవాలి. గోండు చిత్రకారులు దుర్గాబాయి, సుభాష్ వ్యామ్‌లు అంబేడ్కర్ బతుకును బొమ్మల్లో చెప్పారు. కామిక్కుల్లాగా చదరపు డబ్బాల్లో గీయబోమన్నారు, మనుషుల్ని డబ్బాల్లో పెడితే ఊపిరాడదన్నారు. విషపు మాటలకు తేలు కొండి గీశారు, మంచి మాటలకు పక్షి రూపమిచ్చారు. ఆ కథకు మూలం అంబేడ్కర్ రాసుకున్న బాల్యమే. బడికి తన గోనెపట్ట తనే మోసుకుపోవడం, ప్యూను రాకపోతే నీళ్ళు దొరకకపోవడం, 1901లో మసూర్ స్టేషన్‌లో దిగిన పిల్లల కులం తెలిశాక బండివాళ్ళు ఎక్కించుకోకపోవడం.

చిన్నపిల్లలకు ఈ అవమానాలన్నీ ఎందుకు అని మనవాళ్ళే కొందరంటారు. ఆ రోజు మసూర్‌లో దప్పికతో ఉన్నవాడికి పదేళ్ళు కూడా లేవు. పిల్లలకు తెలియనిది మనం చెప్పడం లేదు. వాళ్ళకు తెలిసినదానికి మాట ఇస్తున్నాం, అంతే. అట్లని ఏడుపే రాయమనడం లేదు. చెరువులో ఈత, డప్పు కాచే మంట, పండగనాటి వాటాల పంచాయితీ, అమ్మ తిట్లు, ఇవన్నీ కథలే.

1995లో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చింది. కవిత్వం చిక్కబడింది. ఆత్మకథలు వచ్చాయి. పిల్లల అర మాత్రం ఇంకా పలచగానే ఉంది. మన కవులు, కథకులు, టీచర్లు ఒక్కొక్కరు ఒక్క కథయినా పిల్లలకు రాయాలి. కింద నాలుగు ముక్కల్లో అది ఎవరి నోట విన్నారో, యాడ చూశారో కూడా రాయండి. చెప్పింది అవ్వయితే అవ్వ పేరు పెట్టండి. వచ్చే సంచిక నుంచి రెండు పేజీలు వాటికే వదులుతున్నాం.