ఎవరి బండి విహారం, ఎవరి బండి వలస?

మార్కాపురం దగ్గర ఒక ఊళ్లో మహిళా సంఘం సమావేశం అయ్యాక నా ఫోన్లో ఫోటోలు చూపించాను. పోయినేడు ఒక సదస్సుకు ఐర్లండు వెళ్లినప్పుడు ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి పాత మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని పడమటి సముద్రతీరం వెంట పది రోజులు తిరిగాను. ఇరవయ్యేళ్లు పైబడిన బండి. అందులోనే పడక, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, మూలన చిన్న లెట్రిన్. ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పేది, వానొస్తే కిటికీ కారేది. అయినా కెర్రీ నుంచి గాల్వే దాకా మమ్మల్ని మోసింది.

ఫోటోలు చూసిన ఒకామె, యాభై ఏళ్లుంటాయి, ఇలా అంది: "ఇందులో వింతేముంది మేడమ్? మేమూ ఏటా పోతాం గదా. పొయ్యి, బియ్యం మూట, గిన్నెలు, పిల్లలు, అన్నీ ట్రాక్టర్లోనే. మీ బండికి లెట్రిన్ ఉంది, మాకు లేదు. అంతే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

పడమటి ప్రకాశంలో సేద్యం చాలావరకు వానను నమ్ముకున్నదే. మార్కాపురం పలకల పని ఒకప్పటిలా అందరికీ అన్నం పెట్టడం లేదు. అందుకే సంక్రాంతి దాటగానే కుటుంబాలు గుంటూరు, పల్నాడు మిరప తోటలకు కదులుతాయి. వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. ఈ ఇరవై ఎనిమిదేళ్లలో ఒక తరం ఆడపిల్లలు మిరప కోతల బండ్ల మీదే పెద్దవాళ్లయ్యారు.

ఆ ప్రయాణంలో స్త్రీ పరిస్థితి ఏమిటి? పగలంతా కాయ కోత. కారం ఘాటుకు చేతులు మండుతుంటే రాత్రి అదే చేతులతో అందరికీ వంట. చేలగట్టున పట్టాల గుడిసె. స్నానానికి తెల్లవారక ముందు చీకటే మరుగు. బహిష్టు రోజుల్లో గుడ్డ ఉతుక్కోవడానికీ ఆరేసుకోవడానికీ చోటుండదు. ఇల్లు కదిలితే ఇంటిపని కూడా మూటగట్టుకుని స్త్రీ వెంటే వస్తుంది. మా మోటార్‌హోమ్‌లో ముగ్గురం వంతులవారీగా వండుకున్నాం గనుక అది విహారమైంది. ఆ వంతులు లేని చోట, ఎంత అందమైన బండి అయినా చక్రాలున్న వంటిల్లే.

చట్టం ఈ ప్రయాణాన్ని ఎలా చూసింది? 1979 నాటి వలస కార్మికుల చట్టం అంతర్రాష్ట్ర వలసలకే వర్తించింది. ప్రకాశం నుంచి గుంటూరు వెళ్లే కూలి దాని లెక్కలోకి రాలేదు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదన్న నిబంధన ఉంది. కానీ ప్రమాదం జరిగిన రోజున తప్ప అది ఎవరికీ గుర్తుకు రాదు.

ఐర్లండులోనూ ఈ తేడా కనిపించింది. తరతరాలుగా బండ్ల మీద తిరిగి బతికిన 'ట్రావెలర్లు' అనే సంచార ప్రజలు అక్కడున్నారు. అనుమతి లేని స్థలంలో బండి నిలపడాన్ని 2002లో చట్టం నేరం చేసింది. దాని దెబ్బ ముఖ్యంగా వాళ్ల మీదే పడింది. 2014లో అదే పడమటి తీరం వెంట సుమారు 2,500 కిలోమీటర్ల దారిని పర్యాటకుల కోసం 'వైల్డ్ అట్లాంటిక్ వే' పేరుతో ప్రారంభించారు. ట్రావెలర్లను ప్రత్యేక జాతి సమూహంగా ప్రభుత్వం గుర్తించడానికి 2017 మార్చి 1 దాకా పట్టింది. ఒకే రకం బండి, ఒకే తీరం. డబ్బున్నవారు తిరిగితే స్వేచ్ఛ, లేనివారు తిరిగితే నేరం. ఇది మనకు కొత్తేమీ కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయినా, ఎరుకల స్త్రీని అనుమానంగా చూసే కళ్లు ఇంకా పోలేదు.

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం మొదలై, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. "ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారు" అని వెక్కిరించేవారున్నారు. అవును, ఊరికే తిరగాలి! గిద్దలూరు వైపు ఒక చెల్లెలు, కంభం చెరువు కట్ట మీద సాయంత్రం దాకా ఏ పనీ లేకుండా కూర్చున్నానని సిగ్గుపడుతూ చెప్పింది. ఎందుకు సిగ్గుపడాలి? విశ్రాంతి కూడా హక్కే. దాన్ని మన సంఘాలు కూడా ఇంతవరకు డిమాండ్ల పట్టికలో చేర్చలేదు. ఆ విమర్శ నాకూ వర్తిస్తుంది. ఇన్నేళ్లుగా వలస స్త్రీలను కూలి రేట్ల గురించి అడిగాను గానీ, "నీకు ఏ ఊరు చూడాలనుంది?" అని ఒక్కసారీ అడగలేదు.

అయితే ఉచిత బస్సు మిరప చేను దాకా వెళ్లదు. కోతల కాలానికి ముందే మనం అడగాల్సినవి ఉన్నాయి. మనుషులు ప్రయాణించదగిన బండి, చేల దగ్గర మరుగుదొడ్డి, స్నానానికి చాటు, పసిపిల్లలకు సంరక్షణ, బడి పిల్లలకు సొంత ఊళ్లో సీజనల్ హాస్టలు. లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో ఉండాల్సిన స్థానిక కమిటీ ఫలానా చోట ఉందని ప్రతి కూలి ముఠాకూ తెలియాలి. పంపే జిల్లా, పని ఇచ్చే జిల్లా, రెండూ బాధ్యత వహించాలి.

"అంతే తేడా" అని ఆమె నవ్వుతూ అన్న తేడాలో నీళ్లున్నాయి, కూలి ఉంది, కులముంది, చట్టముంది. ముందు ఆ లెట్రిన్ దగ్గర్నుంచే మొదలు పెడదాం.