సబ్‌స్టేషన్ తనిఖీ కూడా రైతు సమస్యే

వరి పొట్టదశలో రెండు రోజులు మోటరు ఆగితే ఎంత నష్టమో ఏ రైతుకూ చెప్పనక్కర్లేదు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ మొదలైంది. అప్పటి నుంచి మన చర్చంతా ఎన్ని గంటలిస్తున్నారన్న దాని చుట్టే తిరుగుతోంది. ఆ కరెంటును మోసుకొచ్చే సామాను ఏ స్థితిలో ఉందో అడిగేవారు తక్కువ. ఇప్పుడు అడగాల్సింది అదే.

33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ప్రతి 11 కేవీ ఫీడరుకూ ఒక బ్రేకర్ ఉంటుంది. తీగ తెగి పడితే రిలే పసిగట్టాలి, బ్రేకర్ పడిపోవాలి. బ్రేకర్ పడటానికి కావలసిన బలం సబ్‌స్టేషన్ బ్యాటరీది. బ్యాటరీలో చార్జి లేకపోతే తెగిన తీగ కరెంటుతోనే పొలంలో పడి ఉంటుంది. లేదా పైనున్న 33 కేవీ బ్రేకర్ పడి, ఊళ్లకు ఊళ్లే చీకటవుతాయి. ఒక్క బ్యాటరీని సమయానికి చూడకపోతే వచ్చే ముప్పు ఇది.

వాక్యూమ్ బ్రేకర్లలో ఆయిల్ మార్చే పని లేదు కాబట్టి చూడనక్కర్లేదన్న భావన ఉంది. అది తప్పు. కదిలే భాగాలకు గ్రీజు పెట్టాలి, కాంటాక్టులు పరీక్షించాలి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడాలి, రిలేతో ట్రిప్ చేయించి చూడాలి. ప్యానెల్‌లో హీటర్ పనిచేయకపోతే తేమ పడుతుంది. కేబుల్ రంధ్రాలు మూయకపోతే ఎలుకలు, తొండలు దూరి షార్ట్ అవుతుంది.

ఇక మన పొలాల దగ్గర. ఏబీ స్విచ్ తుప్పు పట్టి మూడు బ్లేడ్లలో ఒకటి విడిపోదు. హ్యాండిల్ కిందికి లాగామన్న ధైర్యంతో ఫ్యూజు వేయబోయిన రైతు ప్రాణం పోతుంది. బ్లేడ్లు సరిచేసేది శాఖ పని. ఫ్యూజు వేయడం రైతు పని కానే కాదు.

కాళేశ్వరం పక్కనే పెద్ద పాఠం ఉంది. కన్నెపల్లి పంప్‌హౌస్‌లో ఒక్కొక్కటి 40 మెగావాట్ల మోటార్లు 17 ఉన్నాయి. 2022 జులై గోదావరి వరదకు ఆ పంప్‌హౌస్ మునిగింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాయి. వాడినా వాడకపోయినా విద్యుత్ సామానుకు తేమ పడుతుంది, తనిఖీ తప్పదు. ఎత్తిపోతల నీళ్లు అందని పొలానికి బోరే దిక్కు, బోరుకు 11 కేవీ లైనే దిక్కు. వేల కోట్ల పంపుల గురించి మాట్లాడేవారు ఊరి ఫీడరు గురించీ మాట్లాడాలి.

సిబ్బంది వైపు నుంచీ ఒక మాట నిజం. లైన్‌క్లియర్ తీసుకుంటామంటే మనమే ఒప్పుకోం. ఆటో స్టార్టర్లు పెట్టి, కరెంటు రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేపి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం వేస్తాం. కెపాసిటర్లు బిగించం. ఇవి మనం మార్చుకోవాలి. అయితే మన పొరపాటు చూపి శాఖ తన బాధ్యత దాటేయడం కుదరదు.

కాబట్టి సంఘం అడగాల్సినవి ఇవి. వానాకాలం నాట్లకు ముందు మే నెలలో, యాసంగికి ముందు నవంబరులో ప్రతి ఫీడరుకు తనిఖీ జరగాలి. షట్‌డౌన్ తేదీ వారం ముందే ఊళ్లో చాటించాలి. బ్యాటరీ, రిలే, బ్రేకర్, ఎర్తింగ్ ఎప్పుడు పరీక్షించారో సబ్‌స్టేషన్ గోడ మీద తేదీతో రాయాలి. ఖాళీగా ఉన్న లైన్‌మన్ పోస్టులు నింపాలి.

పల్లెల్లో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని నియంత్రణ మండలి నిబంధన ఉంది. ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు, సమయం రాసి పెట్టుకోండి. పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు అది మన సాక్ష్యం. కాలిపోయాక మార్చడం కన్నా కాలకుండా చూడటం చవక. ఆ చవకైన పనినే ముందు సాధించుకుందాం.