కిటికీ తట్టిన మాట

రెండు ప్రపంచయుద్ధాల నడుమ కాలం. లండన్ తూర్పు పేటల్లో చీకటి విడవకముందే మేరీ స్మిత్ అనే ఆమె వీధిలో నిలబడి, పొడవాటి గొట్టంలోంచి ఎండు బఠాణీలు ఊది మేడమీది కిటికీ అద్దాలకు తగిలించేది. వారానికి ఆరు పెన్నీలు కూలి. అలారం గడియారం కొనలేని ఇళ్లకు ఆమే గడియారం. అలా లేపేవాళ్లను అక్కడ ‘నాకర్ అప్’ అనేవారు.

మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లు ఊళ్లలో గెడ కొసకు తీగ కట్టి కిటికీలు తట్టేవారు. డర్హమ్ గనికార్మికులు ఇంటి బయట గోడకున్న పలక మీద షిఫ్టు వేళను సుద్దతో రాసి పడుకునేవారు.

బ్రిటన్ వాడుకలో ‘నాక్ అప్’ అంటే తట్టి లేపడం. కోనన్ డాయిల్ 1892లో ప్రచురించిన ‘స్పెకిల్డ్ బ్యాండ్’ కథ మొదట్లో ఇంటావిడ హడ్సనమ్మను ఎవరో నాక్ అప్ చేస్తారు, ఆమె షెర్లాక్ హోమ్స్‌ని, హోమ్స్ వాట్సన్‌ని. అమెరికాలో మాత్రం ఆ మాటకు కడుపు చేయడమని అర్థం. 2007లో జడ్ అపటావ్ తీసిన ‘నాక్డ్ అప్’ సినిమా నడిచేది అనుకోని గర్భం చుట్టూనే. బ్రిటన్‌లోనే ఇంకో రెండు అర్థాలున్నాయి: ఉన్నవాటితో గబగబా వంట చేసేయడం, టెన్నిస్ ఆటకు ముందు చేతులు సాగేలా బంతి కొట్టుకోవడం.

ఇలాంటి మలుపు తెలుగుకూ తెలుసు. ‘పిల్ల లేచింది’ అంటే ఇంట్లో కాఫీ పెడతారు. ‘పిల్ల లేచిపోయింది’ అంటే ఊరంతా వెతుకుతారు. ‘పర్సు లేపేశాడు’ అన్నచోట నిద్ర ఊసే లేదు.

మన పిల్లలు బడిలో బ్రిటిష్ ఇంగ్లీషు చదివి, అమెరికా సినిమాలు చూసి, అమెరికా కంపెనీల్లో చేరుతున్నారు. చేతిలోని ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో ఏ అర్థం ఏ దేశానిదో తెలియకపోతే హోమ్స్ కథను తెలుగు చేసే అనువాదకుడూ తడబడతాడు, ఆఫీసులో మాట్లాడే అమ్మాయీ ఇబ్బంది పడుతుంది. నిఘంటుకారులు ప్రతి అర్థం పక్కనా దేశం, కాలం, వాడుక స్థాయి రాయాలి. ‘నాక్ అప్’ ముఖ్యార్థాలకైతే రెండు వరుసలు చాలు: ‘బ్రిటన్, పాత వాడుక: తట్టి లేపు. అమెరికా, మొరటు వాడుక: కడుపు చేయు.’ మూడో వరుసకు చోటుంటే బఠాణీలు ఊదిన మేరీ స్మిత్ పేరు కూడా చేర్చాలి.