మార్కు బిట్లు కావివి.. మన వీధులే!

ఊరి నుంచి చుట్టాలొస్తే నారాయణగూడ వాళ్లు ఏం చూపిస్తారు? పొద్దున్నే చార్మినార్. మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం. సాయంత్రం హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు. ఓపికుంటే మర్నాడు గోల్కొండ. మూడో రోజున 'ఇంకేమున్నాయిరా చూడ్డానికి?' అని మేనత్త అడిగితే ఇంటాయన బుర్ర గోక్కుంటాడు. చివరికి అందర్నీ వెంటేసుకుని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకి బయల్దేరతాడు.

సరిగ్గా అదే సమయానికి నాలుగు వీధుల అవతల అశోక్‌నగర్‌లో ఓ కుర్రాడు గ్రూప్స్ పరీక్ష కోసం బట్టీ పడుతుంటాడు. 'శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం.. 1901. ఆంధ్ర బాలికల పాఠశాల.. 1928. షోయబుల్లా ఖాన్ హత్య.. 1948.' ఒక్కోటీ ఒక్కో మార్కు. తమాషా ఏంటంటే, ఆ మార్కులన్నీ ఉన్నది అతని గది నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే! పుస్తకంలో చదివే కుర్రాడు చూడటం లేదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలకి ఎవరూ చెప్పడం లేదు.

డబ్లిన్‌లో ఏం చేశారంటే..

అశోక్‌నగర్ కుర్రాళ్లకి ఐర్లండ్ అనగానే గుర్తొచ్చేది 'ఆదేశిక సూత్రాలు'. మన రాజ్యాంగం వాటిని అక్కణ్నుంచే తీసుకుంది కాబట్టి అదీ ఓ మార్కే. ఆ దేశ రాజధాని డబ్లిన్‌తో తెలుగువారికి మరో చుట్టరికం కూడా ఉంది. మన రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లింది ఆ ఊరికే. 1916లో అక్కడ బ్రిటిష్‌వారి మీద తిరుగుబాటు జరిగింది. ఆ ఏడాదే ఆయన ఆ దేశం విడిచి రావాల్సి వచ్చింది.

ఆ తిరుగుబాటుకి కేంద్రం ఓ పోస్టాఫీసు. ఈరోజు డబ్లిన్ వెళ్లే పర్యాటకులు ఆ పోస్టాఫీసుని పనిగట్టుకుని చూస్తారు. అక్కడి ట్రినిటీ కళాశాలలో దాదాపు 1200 ఏళ్లనాటి రాతప్రతి ఉంది. ఆ ఒక్క పుస్తకాన్ని చూడ్డానికి టికెట్టు కొనుక్కుని వరసలో నిలబడతారు. జేమ్స్ జాయిస్ 1922లో ప్రచురించిన 'యులిసిస్' నవలలో కథానాయకుడు ఏయే వీధుల్లో తిరిగాడో ఆ వీధుల్లోని కాలిబాటల మీద లోహపు ఫలకాలు బిగించారు. కథ జరిగిన జూన్ 16న ఏటా జనం ఆ దారుల్లో తిరుగుతారు. అంటే, కల్పిత పాత్ర నడిచిన దారికే అంత మర్యాద! మరి నిజంగా మనుషులు నడిచిన మన దారులో?

కొత్వాలు, పంతులుగారు

నారాయణగూడ చౌరస్తా నుంచే మొదలుపెట్టొచ్చు. ఇక్కడి మహిళా కళాశాలకి ఉన్న పేరు రాజా బహదూర్ వెంకటరామారెడ్డిది. నిజాం జమానాలో హైదరాబాద్ నగర కొత్వాలు.. అంటే ఇప్పటి లెక్కలో పోలీసు కమిషనర్. పోలీసు శాఖలో ఉంటూనే పల్లెల నుంచి వచ్చే పిల్లల చదువు కోసం 1918లో రెడ్డి హాస్టల్ నెలకొల్పడంలో ముందు నిలిచాడు.

ఆ దగ్గర్లోనే మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల. రోజూ దాని ముందు నుంచే వెళ్లేవాళ్లలో ఎందరికి తెలుసు దాని కథ? నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. పైచదువులూ ఉర్దూలోనే. అలాంటి రోజుల్లో, 1928లో, ఆడపిల్లలకి తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు మాడపాటి. సర్కారు గుర్తింపు లేదు. దాంతో ఎక్కడో మహారాష్ట్రలో కార్వే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా పరీక్షలు రాయించారు. మన భాషలో చదువుకోవడానికి ఊరుకాని ఊరి ముద్ర కావాల్సి వచ్చిందన్నమాట! ఆ పంతులుగారే 1951లో హైదరాబాద్ నగర మేయరయ్యారు.

పరదా గేటు

అక్కణ్నుంచి కింగ్‌కోఠీ వైపు తిరగండి. చాలామంది అనుకున్నట్టు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ చౌమహల్లాలో కాపురం ఉండలేదు. ఉన్నది ఇక్కడే. కట్టించింది కమాల్‌ఖాన్ అనే ఆయన. తలుపులకీ కిటికీలకీ తన పేరులోని మొదటి అక్షరాలు 'కె.కె.' చెక్కించుకున్నాడట. భవంతి చేతులు మారాక ఆ అక్షరాలు చెరపడం ఎందుకని 'కింగ్ కోఠీ' అని పేరు పెట్టేశారని చెబుతారు. ఇందులోని ఓ గుమ్మానికి పరదా వేలాడుతూ ఉండేది. నిజాం ఇంట్లో ఉంటే దించి ఉంచేవారు, బయటికెళ్తే పైకెత్తేవారు. అందుకే దాన్ని పరదా గేటు అనేవారు.

1937లో 'టైమ్' పత్రిక ముఖచిత్రానికి ఎక్కిన ఆ అపర కుబేరుడు 1967లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయనకి ముందు పాలించిన నిజాముల్లో ఎక్కువమంది సమాధులు మక్కా మసీదులో ఉంటాయి. ఈయన మాత్రం కింగ్‌కోఠీ ఎదురుగా ఉన్న జూదీ మసీదులో, కన్నతల్లి పక్కనే నిద్రపోతున్నాడు.

ఈ రోడ్డు మీదే 1947 డిసెంబరు 4న నిజాం కారు మీద బాంబు పడింది. విసిరింది నారాయణరావు పవార్ అనే యువకుడు. నిజాం బతికి బయటపడ్డాడు. పవార్‌కి ఉరిశిక్ష పడింది. హైదరాబాద్ భారత్‌లో కలిశాక విడుదలయ్యాడు. ఒకే రోడ్డు.. ఒకరు ఏలిన చోటు, ఇంకొకరు ఎదిరించిన చోటు!

ప్రేమ కట్టిన కోట

ఇంకాస్త ముందుకెళ్తే సుల్తాన్‌బజార్. గాజులూ చీరలూ బేరమాడే సందడిలో, బడీచౌడీ కూరగాయల గంపల మధ్య చాలామంది కంట పడకుండా ఉండిపోతుంది శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, నాయని వెంకటరంగారావు చేయీ చేయీ కలిపారు. నిజాం నేలమీద తెలుగువాళ్లు నలుగురూ కూర్చుని తెలుగు పత్రిక చదువుకోవడానికి ఒక చోటు దొరికింది. డబ్లిన్‌లో ఒక్క పుస్తకానికి టికెట్టు పెడితే జనం ఎగబడుతున్నారు. ఇక్కడ ఒక భాష తలెత్తుకున్న చోటు చూడ్డానికి టికెట్టే లేదు!

దానికి కూతవేటు దూరంలో కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరిట ఉన్న మహిళా విశ్వవిద్యాలయం. ఎత్తయిన స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ సింహాలు. కట్టడం మొదలుపెట్టింది రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్, 1803 ప్రాంతంలో. నగరంలోని ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసాని ప్రేమించి పెళ్లాడాడు. పరదా పాటించే ఆమె భవనమంతా తిరిగి చూడలేదు కదా అని, దాని చిన్న నమూనా కట్టించి ఆమె తోటలో పెట్టాడని కథ. ఆయన మాత్రం 1805లోనే కలకత్తాలో కన్నుమూశాడు. ఏళ్ల తరబడి పెచ్చులూడిన ఈ భవనాన్ని బాగుచేసి 2023లో మళ్లీ తెరిచారు. 1857 జులై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసిందీ ఈ రెసిడెన్సీ మీదే.

లింగంపల్లి చౌరస్తాలో ఓ నిమిషం

తిరుగుదారిలో కాచిగూడ మీదుగా రండి. 1916లో కట్టిన రైల్వేస్టేషన్ గుమ్మటాలు చూసుకుని లింగంపల్లి చౌరస్తాకి చేరండి. ఇక్కడ చూడ్డానికి కోటలూ మేడలూ ఉండవు. కానీ ఒక నిమిషం ఆగాల్సిన చోటిది. 1948 ఆగస్టు 21 రాత్రి 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే దుండగులు ఈ ప్రాంతంలోనే దాడి చేశారు. తుపాకీతో కాల్చారు, రాసే కుడిచేతిని నరికేశారు. చేసిన నేరం? హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాయడం, రజాకార్లని తప్పుపట్టడం. అప్పటికి ఆయనకి నిండా ముప్ఫై ఏళ్లు కూడా లేవు. నెల తిరగకుండానే ఆయన కోరుకున్నది జరిగింది. చూడ్డానికి ఆయనే లేడు.

రోజూ వేలమంది ఈ చౌరస్తాలో సిగ్నల్ కోసం ఆగుతారు. అదే చోట ఒక మనిషి రాత కోసం ప్రాణమిచ్చాడని ఎంతమంది తమ పిల్లలకి చెప్పి ఉంటారు? రాతి కోటకి కాపలా పెట్టొచ్చు. ఇలాంటి చోట్లకి మాత్రం కాపలా జ్ఞాపకమే. పెద్దవాళ్లు చెప్పడం మానేసిన రోజున అది ఉత్త ట్రాఫిక్ కూడలి, పరీక్షలో ఒక బిట్టు.. అంతే. మన కాలిబాటల మీద ఫలకాలు ఎప్పుడు పడతాయోగానీ, అప్పటిదాకా ఆ పని తాతయ్యలూ నాన్నలే చేయాలి.

ఈసారి చుట్టాలొస్తే మూడో రోజు బుర్ర గోక్కోనక్కర్లేదు. పక్కింట్లో గ్రూప్స్ చదివే కుర్రాడు ఉంటే అతన్నీ పిలవండి. గైడ్ ఖర్చు ఉండదు, అతనికి చదివింది ఇక మరుపు రాదు!

ఎలా వెళ్లాలి?

మెట్రో ఆకుపచ్చ లైనులో చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజార్ వరస స్టేషన్లు. నారాయణగూడలో దిగి కింగ్‌కోఠీ, సుల్తాన్‌బజార్, కోఠీ, కాచిగూడ మీదుగా మళ్లీ నారాయణగూడ చేరితే చుట్టు పూర్తవుతుంది. పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదిరేలోపు చాలావరకు చూసేయొచ్చు. బడినీ కింగ్‌కోఠీనీ బయటి నుంచే చూడాలి. రెసిడెన్సీ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది కాబట్టి అనుమతి, వేళలు ముందే కనుక్కోండి. పెద్దవాళ్లుంటే సుల్తాన్‌బజార్ నుంచి ఆటో మేలు.